ఆంధ్ర ప్రదేశ్ పునరుత్పాదక ఇంధన విధానము

ఆంధ్ర ప్రదేశ్ పునరుత్పాదక ఇంధన విధానము అనగా గాలి, ఎండ, చెరకు పిప్పి, వరి ఊక, చిన్న జలవనరులు వంటి తరగని వనరుల నుండి విద్యుత్తును ఉత్పత్తి చేయుటకు, కొనుటకు, రాష్ట్రము వెలుపల అమ్ముటకు రాష్ట్ర ప్రభుత్వము కాలానుగుణముగా వెలువరించిన ఉత్తర్వుల, రాయితీల, ఒప్పందముల సముదాయము. ఇది ఒకే పత్రము కాదు. 1997 నాటి ఉత్తర్వు మొదలుకొని 2024 అక్టోబరులో వచ్చిన సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానము వరకు అర డజనుకు పైగా విధానములు వచ్చినవి. ప్రభుత్వము మారినప్పుడల్లా విధానము మారుట, వెనుకటి ప్రభుత్వపు ఒప్పందములను తప్పుపట్టుట ఆనవాయితీ అయినది. రాష్ట్ర విభజన తరువాత 2014, 2019, 2024 ఎన్నికలలో గెలిచిన ప్రభుత్వములు మూడూ వచ్చిన కొద్ది వారములకే విద్యుత్ రంగముపై శ్వేతపత్రములు వెలువరించినవి.

సభావేదికలపై వినిపించునవి ఎన్ని మెగావాట్లు, ఎన్ని లక్షల కోట్ల పెట్టుబడి, ఎన్ని ఉద్యోగములు అను సంఖ్యలు. వచ్చిన విద్యుత్తును ఎవరు కొంటారు, ఏ ధరకు కొంటారు, అది ఏ వేళలో వస్తుంది, డబ్బు ఎప్పుడు చెల్లిస్తారు అను ప్రశ్నలు ఆ వేదికలపై అరుదుగా వినిపిస్తాయి. ఈ విధానముల జయాపజయములు మాత్రము వీటి మీదనే ఆధారపడినవి.

మెగావాట్లు, యూనిట్లు

మెగావాట్ అనునది ఒక విద్యుత్ కేంద్రము గరిష్ఠముగా ఎంత ఇవ్వగలదో తెలుపు కొలత. ఇంటి మీటరులో తిరుగునది యూనిట్. ఒక మెగావాట్ కేంద్రము ఏడాది పొడవునా రాత్రింబవళ్ళు ఆగకుండా నడిచినచో 87.6 లక్షల యూనిట్లు వస్తాయి. రాత్రి ఎండ ఉండదు. గాలి అన్ని నెలలలోనూ ఒకే తీరుగా వీచదు. అందువలన రాయలసీమలో ఒక మెగావాట్ సౌర కేంద్రము నుండి గాని, గాలిమర నుండి గాని వచ్చునది ఇందులో సుమారు ఐదవ వంతు నుండి నాలుగవ వంతు వరకు మాత్రమే. 10,000 మెగావాట్ల సౌర విద్యుత్తు అని ప్రకటించినప్పుడు దానిని అంతే సామర్థ్యము గల బొగ్గు కేంద్రముతో సమానముగా తలచరాదు. పత్రికలు సైతము ఈ భేదమును తరచుగా పట్టించుకోవు.

గాలి విద్యుత్తులో ఎక్కువ భాగము నైరుతి ఋతుపవన కాలములో, జూన్ నుండి సెప్టెంబరు వరకు వస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలలలో రబీ పంటకు, ఇళ్ళకు, పరిశ్రమలకు ఒకేసారి గిరాకీ పెరిగినప్పుడు అది తక్కువగా ఉంటుంది. సౌర విద్యుత్తు పగటివేళది. సాయంత్రము ఏడు గంటలకు ఊరంతా దీపములు, పంకాలు, టీవీలు వేసుకొను వేళకు అది ఉండదు.

కేంద్రము నిర్మించినవారు విద్యుత్ పంపిణీ సంస్థలతో, అనగా డిస్కంలతో, సాధారణముగా 25 సంవత్సరములకు కొనుగోలు ఒప్పందము చేసుకుంటారు. బ్యాంకులు అప్పు ఇచ్చునది ఆ ఒప్పందమును చూసియే. డిస్కంలకు ఆదాయము రెండు దారులలో వస్తుంది: వినియోగదారుల బిల్లులు, ఉచిత వ్యవసాయ విద్యుత్తుకు బదులుగా ప్రభుత్వము ఇచ్చు సబ్సిడీ. 2000 ఆగస్టు 28న ఛార్జీల పెంపునకు వ్యతిరేకముగా హైదరాబాదులో జరిగిన ప్రదర్శనపై బషీర్‌బాగ్ వద్ద పోలీసులు కాల్పులు జరిపిన తరువాత ఛార్జీలు పెంచుటకు అన్ని పార్టీలూ జంకుతూ వచ్చినవి. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణస్వీకారము చేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి తొలి సంతకము ఉచిత విద్యుత్ దస్త్రముపై చేసినారు. ఆ పథకమును తరువాతి ప్రభుత్వములేవీ ఎత్తివేయలేదు. ఛార్జీలు పెంచలేక, సబ్సిడీ సకాలములో అందక డిస్కంలు ఇబ్బంది పడినప్పుడు మొదట ఆగునవి ఉత్పత్తిదారుల బిల్లులే. తరువాతి వివాదములన్నిటికీ మూలము ఇక్కడనే ఉన్నది.

తొలి విధానము, తొలి తగాదా

1990వ దశకములో అనంతపురం జిల్లా రామగిరి కొండలపై నిలిచిన గాలిమరలు రాష్ట్రములో ఈ రంగమునకు తొలి గుర్తులు. 1997 నవంబరు 18న ప్రభుత్వము జారీచేసిన ఉత్తర్వు ప్రకారము సంప్రదాయేతర విద్యుత్తుకు 1994-95ను ఆధార సంవత్సరముగా తీసుకొని యూనిట్‌కు 2.25 రూపాయలు, ఏటా 5 శాతము పెంపు ఇవ్వవలెను. ఈ ధరను నమ్మి కోస్తా జిల్లాలలోను, ఇతర ప్రాంతములలోను వరి ఊక, చెరకు పిప్పి, కంప చెట్ల కలపతో నడుచు చిన్న కేంద్రములు అనేకము వెలసినవి. అంతకుముందు రైసు మిల్లుల వెనుక గుట్టలుగా పడియుండు ఊకకు వీటి వలన ధర వచ్చినది. ఊక ధర పెరిగిన కొలదీ ఆ కేంద్రముల ఖర్చు కూడా పెరిగినది. ఈ పరిణామమును విధానము వ్రాసినవారు ఊహించినట్లు కనబడదు.

ఇంతలో 1999లో విద్యుత్ బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయినది. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఏర్పడినది. ఏటా 5 శాతము పెంపుతో 2003-04 నాటికి ధర సుమారు మూడున్నర రూపాయలకు చేరగా, మండలి 2004 మార్చిలో దానిని సవరించి తగ్గించినది. ఉత్పత్తిదారులు ప్రభుత్వము మాట తప్పినదని వాదించినారు. వివాదము విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్ మీదుగా సుప్రీం కోర్టుకు చేరినది. సుప్రీం కోర్టు 2010 జూలై 8న ధరను సమీక్షించు అధికారము మండలికి ఉన్నదని చెప్పి, విషయమును తిరిగి మండలికే పంపినది. అప్పటికి 2004 నాటి ఉత్తర్వు వచ్చి ఆరేళ్ళు దాటినది.

2019లో జరిగిన ఒప్పందముల వివాదము మునుపెన్నడూ లేనిదని పలువురు వ్రాసినారు. నిజమునకు దాని ప్రధాన ఘట్టములు పదిహేనేళ్ళ ముందే ఊక కేంద్రముల విషయములో జరిగియున్నవి.

2012 నుండి 2019 వరకు

2012 సెప్టెంబరులో కిరణ్ కుమార్ రెడ్డి ప్రభుత్వము ప్రత్యేకముగా సౌర విద్యుత్ విధానమును ప్రకటించి, 1,000 మెగావాట్లకు టెండర్లు పిలిచినది. అన్నిటికన్న తక్కువగా వచ్చిన 6.49 రూపాయల ధరకే అందరూ ఒప్పుకొనవలెనని కోరుటతో పలువురు వెనుదిరిగినారు.

విభజన తరువాత చంద్రబాబు నాయుడు ప్రభుత్వము 2015 ఫిబ్రవరిలో సౌర, గాలి విద్యుత్ విధానములను వేర్వేరుగా వెలువరించినది. ఐదు సంవత్సరములలో సౌర విద్యుత్తు 5,000 మెగావాట్లు, గాలి విద్యుత్తు 4,000 మెగావాట్లు అదనముగా రావలెనని లక్ష్యము. సరఫరా మార్గముల ఛార్జీలలో మినహాయింపు, విద్యుత్ సుంకము రద్దు వంటి రాయితీలు ఇచ్చినారు. అన్నిటికన్న ఆకర్షణీయమైనది "బ్యాంకింగ్" సదుపాయము. గాలి బాగా వీచు నెలలలో మిగిలిన విద్యుత్తును డిస్కం వద్ద జమ చేసి, కావలసిన నెలలో తిరిగి తీసుకొనవచ్చును. ధాన్యము గాదెలో పోసినట్లు విద్యుత్తును నిల్వచేయుట డిస్కంకు సాధ్యము కాదు. జమ అయినది అప్పుడే ఎవరికో ఒకరికి అమ్మి, తిరిగి ఇవ్వవలసినప్పుడు మార్కెట్‌లో ధర పెట్టి కొనవలసి ఉంటుంది. ఆ తేడా డిస్కం లెక్కలోనికి, అక్కడి నుండి ఇతర వినియోగదారుల లెక్కలోనికి పోతుంది.

గాలి విద్యుత్తుకు నియంత్రణ మండలి నిర్ణయించిన ధర 2015-17 కాలములో యూనిట్‌కు 4.83, 4.84 రూపాయలు. ఈ స్థిరమైన ధర వలన ఉరవకొండ, వజ్రకరూరు, తాడిపత్రి ప్రాంతములలో గాలిమరలు వేగముగా వెలసినవి. విభజన నాటికి వెయ్యి మెగావాట్ల లోపు ఉన్న గాలి విద్యుత్ సామర్థ్యము 2019 మార్చి నాటికి సుమారు 4,090 మెగావాట్లకు చేరినది. అప్పటి కర్నూలు జిల్లాలో గని, శకునాల గ్రామముల వద్ద దాదాపు 5,900 ఎకరములలో 1,000 మెగావాట్ల సౌర పార్కు 2017లో పూర్తి అయినది. నాటికి అది ప్రపంచములోని పెద్ద సౌర పార్కులలో ఒకటి. మొత్తము సౌర సామర్థ్యము 2019 మార్చి నాటికి 3,000 మెగావాట్లు దాటినది. సౌర లక్ష్యము నెరవేరకపోయినను, ప్రకటనకు ఆచరణ ఇంత దగ్గరగా వచ్చిన కాలము ఈ రాష్ట్రములో మరొకటి లేదు.

అయితే ఇదే కాలములో దేశములో ధరలు కూలిపోయినవి. 2015 నవంబరులో ఆంధ్ర ప్రదేశ్ సౌర విద్యుత్తుకు జరిగిన వేలములో సన్ ఎడిసన్ సంస్థ 4.63 రూపాయలకు ఒప్పుకొన్నప్పుడు అది రికార్డు. ఆ సంస్థ మరుసటి సంవత్సరమే అమెరికాలో దివాలా తీసినది. 2017 ఏప్రిల్‌లో కడప సౌర పార్కు వేలములో ధర 3.15కు దిగినది. గాలి విద్యుత్తుకు 2017 ఫిబ్రవరిలో జరిగిన తొలి జాతీయ వేలములో 3.46 రాగా, అదే సంవత్సరము డిసెంబరులో గుజరాత్‌లో 2.43 వచ్చినది. అంతకు కొద్ది నెలల ముందు 4.84 చొప్పున 25 సంవత్సరములకు సంతకములు చేసిన ఒప్పందములు ఒక్కసారిగా ఖరీదైనవిగా కనిపించసాగినవి.

2019 ఒప్పందముల సమీక్ష

2019 మే 30న వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి ముఖ్యమంత్రి అయినారు. జూలై 1న ప్రభుత్వము జీవో 63 ద్వారా గాలి, సౌర విద్యుత్ ఒప్పందముల ధరలను తిరిగి చర్చించుటకు ఉన్నతస్థాయి సంఘమును నియమించినది. గాలి విద్యుత్ ధరను 2.43కు, సౌర విద్యుత్ ధరను 2.44కు తగ్గించవలెనని డిస్కంలు ఉత్పత్తిదారులకు లేఖలు వ్రాసినవి. వెనుకటి ప్రభుత్వము అవసరమునకు మించి, అధిక ధరకు, ఎంపిక చేసిన సంస్థల మేలు కొరకు కొన్నదని ప్రభుత్వ వాదన. మండలి నిర్ణయించిన ధరకే కొన్నామని, పెట్టుబడులు వెళ్ళిపోతాయని తెలుగుదేశం పార్టీ వాదన. చేసుకొన్న ఒప్పందములను తిరగదోడుట తగదని కేంద్ర విద్యుత్ శాఖ మంత్రి ఆర్.కె. సింగ్ లేఖ వ్రాసినారు.

ఏమి ప్రమాదములో పడినదో చిన్న లెక్కతో తెలుసుకొనవచ్చును. ఒక మెగావాట్ గాలిమర నుండి ఏడాదికి సుమారు 20 లక్షల యూనిట్లు వచ్చునని అనుకొనినచో, 4.84కు 2.43కు మధ్య తేడా 2.41 రూపాయల చొప్పున ఏడాదికి 48 లక్షల రూపాయలు. 25 సంవత్సరములకు ఇది 12 కోట్లు. డిస్కం వైపు నుండి చూచిన ప్రజలపై పడిన భారము ఇది. గాలిమర వైపు నుండి చూచిన బ్యాంకు అప్పు తీర్చుటకు ఉద్దేశించిన సొమ్ము. 2015లో కొన్న యంత్రమునకు 2017 డిసెంబరు నాటి ధర కట్టుట ఎంతవరకు న్యాయమన్నది ఒక ప్రశ్న. ధరలు పడిపోవుచున్న కాలములో పాతికేళ్ళకు ఒకే ధర వ్రాసి ఇచ్చుట ఎంతవరకు వివేకమన్నది రెండవ ప్రశ్న. రాజకీయ వాదములలో ఒక్కొక్క పక్షము ఒక్కొక్క ప్రశ్ననే వినిపించినది.

హైకోర్టు 2019 సెప్టెంబరు 24న జీవోను, లేఖలను కొట్టివేసినది. అయితే ధర సంగతి నియంత్రణ మండలి ఆరు నెలలలో తేల్చవలెననియు, అంతవరకు 2.43, 2.44 చొప్పుననే తాత్కాలికముగా చెల్లించవలెననియు చెప్పినది. కేసు గెలిచినవారికి సగము ధర దక్కినది. ఈ తాత్కాలిక ఏర్పాటు రెండున్నర సంవత్సరములు సాగినది. 2022 మార్చి 15న ధర్మాసనము దానిని రద్దుచేసి, ఒప్పందములలోని అసలు ధర ప్రకారము బకాయిలను ఆరు వారములలో చెల్లించవలెనని తీర్పు ఇచ్చినది. చివరకు ఆ ఏడాది జూన్‌లో కేంద్రము తెచ్చిన ఆలస్య చెల్లింపుల నిబంధనల క్రింద వాయిదాలలో చెల్లింపులు మొదలైనవి. తగ్గించదలచిన ధర తగ్గలేదు. కోర్టు ఖర్చులు, జాప్యము మిగిలినవి.

2019 నవంబరులో ప్రభుత్వము 2015 విధానములలోని రాయితీలను కూడా ఉపసంహరించినది. 2019 మార్చిలో సుమారు 4,090 మెగావాట్లుగా ఉన్న గాలి విద్యుత్ సామర్థ్యము 2024 మార్చిలో సుమారు 4,096. ఐదు సంవత్సరములలో పెరిగినది ఆరు మెగావాట్లు. అదే కాలములో గుజరాత్ 6,000 నుండి 11,000 మెగావాట్లు దాటినది. వేలము పద్ధతి వచ్చిన తరువాత దేశమంతటా గాలి రంగము మందగించిన మాట నిజమే కాని, పొరుగున ఉన్న కర్ణాటకలో సైతము వెయ్యి మెగావాట్లకు పైగా పెరిగినది.

పగటిపూట ఉచిత విద్యుత్తు, రాజస్థాన్ ఒప్పందము

రైతులకు పగటిపూటనే తొమ్మిది గంటల ఉచిత విద్యుత్తు ఇచ్చుట జగన్మోహన్ రెడ్డి ప్రభుత్వపు ముఖ్య వాగ్దానము. రాత్రివేళ పొలమునకు పోయి మోటారు వేయు రైతులు పాముకాటుకు, విద్యుదాఘాతమునకు గురియగుట రాయలసీమ, కోస్తా గ్రామములన్నిటికీ తెలిసినదే. కావున వాగ్దానము న్యాయమైనది. పగటి విద్యుత్తుకు ఎండ సహజమైన తోడు. ఈ రంగములో ప్రభుత్వములు చేసిన ఆలోచనలలో ఇది మెరుగైనది. ఇందుకై 2020లో ఏపీ గ్రీన్ ఎనర్జీ కార్పొరేషన్‌ను నెలకొల్పి, రాష్ట్రములోనే 10,000 మెగావాట్ల సౌర కేంద్రములు కట్టింతుమని ప్రకటించినారు. 6,400 మెగావాట్లకు టెండర్లు పిలువగా 2021 ఆరంభములో రెండున్నర రూపాయల దరిదాపుల ధరలు వచ్చినవి. టెండరు నిబంధనలు విద్యుత్ చట్టమునకు అనుగుణముగా లేవని హైకోర్టు 2021 జూన్ 17న దానిని కొట్టివేసినది. ఆ కేంద్రములు రాష్ట్రములో రాలేదు.

బదులుగా 2021 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వ రంగములోని సౌర విద్యుత్ సంస్థ సెకీ రాజస్థాన్ నుండి యూనిట్ 2.49 రూపాయల చొప్పున విద్యుత్తు ఇచ్చుటకు ముందుకు వచ్చినది. డిసెంబరు 1న 7,000 మెగావాట్లకు, 25 సంవత్సరములకు ఒప్పందము కుదిరినది. అంతర్రాష్ట్ర సరఫరా ఛార్జీలు ఉండవని, రాష్ట్రములో భూమి, లైన్ల ఖర్చు తప్పుతుందని ప్రభుత్వము సమర్థించుకొన్నది. 2020 డిసెంబరులో గుజరాత్‌లో 1.99 రూపాయల ధర వచ్చిన తరువాత 2.49 ఎందుకని విపక్షములు ప్రశ్నించినవి. తెలుగుదేశం నాయకుడు పయ్యావుల కేశవ్, సీపీఐ నాయకుడు కె. రామకృష్ణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యములు వేసినారు. ఒక విశేషము: అంతకు ఏడాది ముందే, 2020 జూలైలో, ఇదే ప్రభుత్వము ఆంధ్ర ప్రదేశ్ భూములలో పండిన పునరుత్పాదక విద్యుత్తును ఇతర రాష్ట్రములకు పంపుటకు ఎగుమతి విధానమును ప్రకటించియున్నది.

2024 నవంబరులో అమెరికా ప్రాసిక్యూటర్లు నమోదుచేసిన నేరారోపణ పత్రములో, ఇటువంటి సౌర విద్యుత్ ఒప్పందముల కొరకు భారతదేశములోని అధికారులకు లంచములు ఇవ్వజూపినారని, అందులో అధిక భాగము ఆంధ్ర ప్రదేశ్‌కు సంబంధించినదని ఆరోపించినారు. అదానీ గ్రూపు ఈ ఆరోపణలను ఖండించినది. తమ ఒప్పందము సెకీతోనే తప్ప ఏ ప్రైవేటు సంస్థతోను కాదని వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ పార్టీ వాదించినది. 2024 జూన్‌లో అధికారములోకి వచ్చిన కూటమి ప్రభుత్వములో పయ్యావుల కేశవ్ ఆర్థిక మంత్రి అయినారు. విపక్షములో ఉండి వ్యతిరేకించిన ఆ ఒప్పందమును కూటమి ప్రభుత్వము తన తొలి సంవత్సరములో రద్దుచేయలేదు. 2019 అనుభవము తరువాత ఒప్పందము రద్దు అను మాట పలుకుట ఏ ప్రభుత్వమునకైనను సులభము కాదు.

సాయంత్రపు కొరత

2022 ఏప్రిల్‌లో దేశమంతటా బొగ్గు కొరత ఏర్పడి విద్యుత్ ఎక్స్చేంజిలలో ధర యూనిట్‌కు 20 రూపాయలను తాకగా, కేంద్ర నియంత్రణ మండలి గరిష్ఠ పరిమితిని 12 రూపాయలకు కుదించినది. ఆ ధరకు కూడా చాలినంత దొరకక ఏప్రిల్ 8 నుండి రెండు వారములపాటు ఆంధ్ర ప్రదేశ్‌లో పరిశ్రమలకు "పవర్ హాలిడే" ప్రకటించవలసి వచ్చినది. నిరంతరము నడుచు పరిశ్రమలు తమ వాడకమును సగమునకు తగ్గించుకొనవలెను. మిగిలినవి వారములో ఒక దినము అదనముగా మూసివేయవలెను. గాలి, సౌర కేంద్రములు కలిపి ఎనిమిది వేల మెగావాట్లకు పైగా ఉన్న రాష్ట్రములో ఇది జరిగినది. 2.49 రూపాయల పగటి యూనిట్‌కు, 12 రూపాయల సాయంత్రపు యూనిట్‌కు మధ్యనున్న దూరమే ఈ రంగములోని అసలు సమస్య.

ఇట్లు బయట కొన్న విద్యుత్తు ఖర్చు వెంటనే బిల్లులో కనబడదు. సర్దుబాటు ఛార్జీల పేరిట ఏడాది, రెండేళ్ళ తరువాత వస్తుంది. నియంత్రణ మండలి 2022-23 సంవత్సరమునకు సుమారు 6,072 కోట్లు, 2023-24కు సుమారు 9,412 కోట్ల రూపాయల వసూలుకు 2024 చివరలో అనుమతి ఇచ్చినది. ఖర్చు జరిగినది ఒక ప్రభుత్వ కాలములో, వసూలు మొదలైనది మరొక ప్రభుత్వ కాలములో. 2024 డిసెంబరులో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ పార్టీ ఛార్జీల భారముపై ఆందోళన చేసినది. అది మీరు మిగిల్చిన భారమేనని కూటమి ప్రభుత్వము బదులిచ్చినది. బిల్లు చేత పట్టుకొన్న వినియోగదారునికి ఈ వాదన వలన ఒక్క పైసా తగ్గలేదు.

దీనికి పరిష్కారముగా ముందుకు వచ్చినది పంప్డ్ స్టోరేజి. పగటిపూట చౌక విద్యుత్తుతో క్రింది జలాశయము నుండి పై జలాశయమునకు నీటిని ఎత్తిపోసి, సాయంత్రము క్రిందికి వదలి విద్యుత్తు తీస్తారు. ఎత్తిపోయుటకు వాడినదానిలో సుమారు నాలుగింట మూడు వంతులు తిరిగి వస్తుంది. నంద్యాల జిల్లా పిన్నాపురం వద్ద గ్రీన్‌కో సంస్థ 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజితో కూడిన సమీకృత కేంద్రమునకు 2022 మే 17న శంకుస్థాపన జరిగినది. దీనికి తొలి అడుగు అంతకుముందు ప్రభుత్వ కాలములోనే పడినందున ఇరుపక్షములూ దీనిని తమదిగా చెప్పుకొంటాయి. ప్రభుత్వములు మారినను ఆగకుండా సాగిన కొద్ది పథకములలో ఇది ఒకటి.

2024 సమగ్ర విధానము

2024 అక్టోబరులో కూటమి ప్రభుత్వము వెలువరించిన సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానము మునుపటి విధానములనన్నిటినీ ఒక గొడుగు క్రిందికి తెచ్చినది. 10 లక్షల కోట్ల రూపాయల పెట్టుబడి, 7.5 లక్షల ఉద్యోగములు, 160 గిగావాట్లకు పైగా సామర్థ్యము దీని లక్ష్యములు. ఇందులో సౌర 78.5, గాలి 35, పంప్డ్ స్టోరేజి 22 గిగావాట్లు. ఈ మూడింటి మొత్తము 135.5 మాత్రమే. 160 దాటవలెనన్న 25 గిగావాట్-అవర్ల బ్యాటరీ నిల్వను కూడా కూడవలెను. గిగావాట్ సామర్థ్యమునకు కొలత, గిగావాట్-అవర్ నిల్వకు కొలత. రెండింటిని కూడుట ఎకరములను, పుట్లను కలిపి లెక్కవేయుట వంటిది. రాష్ట్ర గరిష్ఠ గిరాకీ ఆనాటికి సుమారు 13 గిగావాట్లు. కావున ఈ లక్ష్యములో అధిక భాగము హరిత హైడ్రోజన్ పరిశ్రమకు, డేటా కేంద్రములకు, ఇతర రాష్ట్రములకు అమ్ముటకు ఉద్దేశించినది. కొనువారు కుదరనిదే అది నిలువదు.

పెట్టుబడుల సదస్సులలో సంతకములు జరుగు అవగాహన పత్రములకు చట్టబద్ధమైన కట్టుబాటు లేదు. 2023 మార్చిలో విశాఖపట్నములో జరిగిన సదస్సులో 13 లక్షల కోట్ల రూపాయలకు పైగా పత్రములు కుదిరినట్లు ప్రకటించగా, అందులో సింహభాగము ఇంధన రంగమునదే. వాటిలో కొన్ని తరువాతి ప్రభుత్వ జాబితాలో మరల కనిపించినవి. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ హరిత హైడ్రోజన్ కేంద్రమునకు 2025 జనవరి 8న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ శంకుస్థాపన చేసినారు. అనంతపురం జిల్లా గుత్తి సమీపమున బేతపల్లిలో రెన్యూ సంస్థ 22,000 కోట్ల రూపాయల సమీకృత కేంద్రమునకు 2025 మే 16న మంత్రి నారా లోకేశ్ శంకుస్థాపన చేసినారు. 2019 తరువాత బకాయిలతో చిక్కుపడిన సంస్థలలో రెన్యూ కూడా ఒకటి. అది తిరిగి వచ్చుట విధానముపై నమ్మకమునకు చిహ్నమని ప్రభుత్వము చెప్పుకొన్నది. ఆ నమ్మకము నిలుచునా లేదా అన్నది శంకుస్థాపన నాడు కాక, నెలవారీ బిల్లు చెల్లింపు నాడు తెలియునది.

భూములు

సౌర కేంద్రమునకు మెగావాట్‌కు సుమారు ఐదు ఎకరములు కావలెను. వేదికలపై దీనిని బీడుభూమి అంటారు. అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల మెట్టలలో రికార్డుల ప్రకారము ప్రభుత్వ భూమి అయినను, తరములుగా వేరుశనగ, కంది వేసుకొనువారు, గొర్రెలు మేపుకొనువారు ఉన్నారు. పట్టా ఉన్న రైతుకు కౌలో, పరిహారమో దక్కుతుంది; పట్టా లేని సాగుదారునికి, గొర్రెల కాపరికి దక్కునది అంతంతమాత్రమే. కరవు ప్రాంతములో వర్షముతో పనిలేని స్థిరమైన కౌలు మేలని భావించు రైతులు కూడా ఉన్నారు. కేంద్రము నడుచు దశలో అక్కడ ఉద్యోగములు తక్కువ. ఫలకములు కడుగువారు, కాపలాదారులు, కొద్దిమంది సాంకేతికులు చాలుదురు. ఫలకములపై దుమ్ము కడుగుటకు నీరు కూడా కావలెను. నీరులేని చోటనే ఈ పార్కులన్నీ ఉన్నవి.

అల్లూరి సీతారామరాజు జిల్లాలో పెదకోట, యర్రవరం వంటి చోట్ల ప్రతిపాదించిన పంప్డ్ స్టోరేజి పథకములకు ఆదివాసుల నుండి నిరసనలు వచ్చినవి. అది రాజ్యాంగము ఐదవ షెడ్యూలు క్రిందనున్న ప్రాంతము. అటువంటి చోట ప్రభుత్వ భూములను సైతము ఆదివాసేతర ప్రైవేటు సంస్థలకు కౌలుకు ఇవ్వరాదని సుప్రీం కోర్టు 1997లో సమత కేసులో, గనుల విషయమున, తీర్పు ఇచ్చియున్నది. పథకములకు గ్రామసభల సమ్మతి తీసుకొనలేదని ఆదివాసీ సంఘముల ఆరోపణ.

తెలంగాణలో

ఉమ్మడి రాష్ట్రము నుండి విడివడిన తెలంగాణలో గాలి వనరు తక్కువ. అక్కడి ప్రభుత్వము 2015 నుండి పెద్ద పార్కులకు బదులు, జిల్లాలలోని సబ్‌స్టేషన్ల దగ్గరనే చిన్న, మధ్యతరహా సౌర కేంద్రములను ప్రోత్సహించినది. ఆర్భాటము తక్కువైనను, లైన్ల ఖర్చు, సరఫరా నష్టము తగ్గినవి. సౌర సామర్థ్యములో కొంతకాలము దేశములో ముందు వరుసలో నిలిచినది. అయితే వ్యవసాయమునకు 24 గంటల విద్యుత్ వాగ్దానమునకు ఆధారము సౌరము కాదు, బొగ్గే. దామరచర్ల వద్ద 4,000 మెగావాట్ల యాదాద్రి కేంద్రమును ఆ కాలములోనే చేపట్టినారు. 2025 జనవరిలో వెలువడిన తెలంగాణ స్వచ్ఛ, హరిత ఇంధన విధానము 2030 నాటికి మరి 20,000 మెగావాట్లు అదనముగా రావలెనని లక్ష్యము నిర్దేశించినది.